వకీలు కాని వకీలు సారు

చెల్పూరువాళ్లకు రెండు అంకెలు నోటికి రావాలని సర్కారు కోరిక. మొదటిది 1100. ఊరి పక్కన కాకతీయ థర్మల్ ప్లాంటు సామర్థ్యం, మెగావాట్లలో. తొలి దశ 500, మలి దశ 600. రెండోది 15100. పేదవాళ్లు పైసా ఖర్చు లేకుండా న్యాయ సలహా అడగడానికి పెట్టిన ఫోన్ నంబరు. మొదటిదానికి పొగగొట్టం ఉంది కాబట్టి ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. రెండోది గోడమీద రాసి ఉంటుంది, ఎవరో ఒకరు దానిమీద పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేదాకా.

ఫ్లెక్సీ కప్పేసినా న్యాయం ఆగకూడదని, ఆ నంబరుకు కాళ్లూ చేతులూ తొడిగి, మెడలో గుర్తింపు కార్డు వేసి ఊళ్లోకి తోలారు. ఆయనే పారా లీగల్ వాలంటీర్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసులో కొన్నాళ్లు, పోలీస్ స్టేషన్‌లో కొన్నాళ్లు, ఊరి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో కొన్నాళ్లు కూర్చుంటాడు. ఈ కాలమ్‌లో ఆయనకు పేరు పెట్టడం లేదు. ఒక్క మనిషి అయితే కదా, ఆ కుర్చీల్లో కూర్చునే పదిమందిని కలిపి కుట్టిన బొమ్మ. మనవాడు అందాం.

ఊళ్లో మనవాణ్ని అందరూ 'వకీలు సారు' అంటారు. ఆయన వకీలు కాదు. కోర్టులో నిలబడి వాదించకూడదు. సర్కారు నౌకరీ కాదు, జీతం ఉండదు. పని అప్పగించిన రోజుకు ఇంత అని గౌరవ వేతనం. జనం దగ్గర చాయ్ నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. 2009లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఈ పథకం తెచ్చినప్పుడు పదో తరగతి చదివితే మంచిది, చదవను రాయను వచ్చి విషయం బుర్రకెక్కితే చాలు అంది. ఎవరిని తీసుకోవచ్చో కూడా చెప్పింది: పంతుళ్లు, రిటైరైన ఉద్యోగులు, అంగన్‌వాడీ టీచర్లు, లా చదివే పిల్లలు, సంఘాల మహిళలు. జాబితా చివరికొస్తే, జైల్లో చాలాకాలం శిక్ష అనుభవిస్తూ బుద్ధిగా ఉన్న చదువుకున్న ఖైదీలు కూడా పనికొస్తారట. ఎగతాళికి అనడం లేదు, జాబితా మొత్తంలో చట్టం సంగతి అనుభవం మీద తెలిసినవాళ్లు వాళ్లొక్కరే.

న్యాయం ఆలస్యంగా వస్తోందని మనవాణ్ని ఆడిపోసుకోవడం అన్యాయం. రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చి, పేదకు ఉచిత న్యాయం అన్నది 1976లో. దానికి చట్టం చేసింది 1987లో. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. చట్టానికే ఎనిమిదేళ్ల వాయిదా పడ్డ దేశంలో చెల్పూరులో ఒక అవ్వకు మూడు వారాల వాయిదా పడితే మొహం చిట్లించడం ఏం మర్యాద? చెల్పూరు ఉన్న భూపాలపల్లి సంగతే చూడండి. 2016 దసరా నాడు జిల్లా అయింది, కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు. జిల్లా కోర్టు వచ్చింది 2022 జూన్ 2న. అందాకా పెద్ద కేసుంటే పరకాల మీదుగా హనుమకొండ అదాలత్‌కు బస్సెక్కాల్సిందే.

ఉచిత న్యాయం ఎవరికి? ఆ 1987 చట్టం 12వ సెక్షన్ తెరిస్తే కడుపు నిండుతుంది. ఎస్సీలు, ఎస్టీలు, ఆడవాళ్లు, పిల్లలు, దివ్యాంగులు, కార్ఖానా కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరదో భూకంపమో మీదపడ్డవాళ్లు, ఇవేవీ కాకపోయినా ఆదాయం తక్కువున్నవాళ్లు. ఆడవాళ్లకు ఆదాయంతో పనే లేదు. ఇంటి గుమ్మంలో నిలబడి లెక్కేస్తే, పట్టా భూమీ ట్రాక్టరూ ఉన్న ఇంటాయన ఒక్కడే మిగులుతాడు. ఆయనా ఆదాయ ధ్రువపత్రంలో చూస్తే నిరుపేదే.

2023 జులైలో మోరంచవాగు పొంగి పక్కనే మోరంచపల్లి మునిగినప్పుడు, ఆ లెక్కన ఊరు ఊరంతా అర్హులే. కానీ వరదలో కాగితాలు పోయాయన్నవాణ్ని, పోయినట్టు కాగితం తెమ్మనని ఆఫీసు ఈ భూమ్మీద ఎక్కడుంది? మనవాడు పనికొచ్చేది అక్కడే. పోయిన కాగితం కోసం కొత్త కాగితం ఎవరికి రాయాలో ఆయనకు తెలుసు.

ఇప్పుడు మహిళలకు న్యాయం ఉచితం. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సూ ఉచితం. జిరాక్స్ ఒక్కటే ఇంకా ఉచితం కాలేదు. ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, పాస్‌బుక్కు జిరాక్స్, జిరాక్స్ మీద దస్కతు పెట్టించాక దాని జిరాక్స్. మొత్తం న్యాయవ్యవస్థలో ఉధారు లేకుండా రోజువారీ కలెక్షన్ ఉన్నది తహసీల్దారు ఆఫీసు ముందున్న జిరాక్స్ సెంటరుకే. దాని ఓనరు ఏ చట్టమూ చదవలేదు. ఏ పనికి ఎన్ని సెట్లు కావాలో మాత్రం ఆయన్ను మించి చెప్పేవాడు లేడు.

మనవాడి టేబుల్ మీదకు కొట్లాటలు వస్తాయి, మొగుడూ పెళ్లాల గొడవలు వస్తాయి, పింఛను ఆగిన ముసలివాళ్లు వస్తారు. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది భూమి. అందులోనూ సాదాబైనామా. తెల్ల కాగితం మీద, నలుగురు పెద్దమనుషుల ముందు, వేలిముద్రతో కొన్న భూమి. కొన్నవాడు ఇరవై ఏళ్లుగా నాగలి కట్టి దున్నుతున్నాడు, రికార్డులో అమ్మినవాడే రాజు. 2020 అక్టోబరు, నవంబరుల్లో సర్కారు దరఖాస్తు పెట్టుకోమంటే రాష్ట్రమంతా 9 లక్షల పైచిలుకు జనం పెట్టుకున్నారు. పెట్టుకునే వేళకే కొత్త రెవెన్యూ చట్టం వచ్చి, ధరణి పోర్టల్ వచ్చి, ఆ చట్టంలో వీటికి చోటే లేకుండా పోయి, హైకోర్టులో ఆగిపోయాయి. 2025లో భూభారతి చట్టం వచ్చి వాటికి మళ్లీ తలుపు తీసింది. ఈ మధ్యలో అమ్మినాయన కాలం చేశాడు. ఆయన కొడుకులు ఉన్నారు, ఎకరం ధర ఇప్పుడెంతో వాళ్లకు బాగా తెలుసు.

అడగడానికి ఊళ్లో ఎవరున్నారు? పట్వారీ ఎప్పుడో పోయాడు. తర్వాత వచ్చిన వీఆర్వో 2020లో పోయాడు. 2025లో గ్రామ పాలన అధికారి వచ్చాడు. మనుషులు మారిన ప్రతిసారీ పాత పహాణీ మాత్రం అట్టపెట్టె మార్చుకుని ఇంకాస్త కిందికి పోయింది.

సాదాబైనామా కాగితం పట్టుకొచ్చిన అవ్వ అడుగుతుంది: "బిడ్డా, కేసు గెలుస్తమా?"

"అవ్వా, ఇది కేసు కాదు. అర్జీ."

"గదే, అర్జీ గెలుస్తమా?"

ఈ ప్రశ్నకు శిక్షణలో జవాబు చెప్పలేదు. పోక్సో చెప్పారు, గృహహింస చట్టం చెప్పారు, సమాచార హక్కు చెప్పారు. అర్జీ గెలవడం ఏ చట్టం కిందికి వస్తుందో చెప్పలేదు.

అర్జీ దారి మాత్రం మనవాడికి కళ్లుమూసుకున్నా తెలుసు. తహసీల్దారు పని చేయడం లేదని అవ్వ ఫిర్యాదు. మనవాడు చక్కగా రాస్తాడు, సెక్షన్లు వేస్తాడు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అక్కడ అర్జీకి నంబరు పడుతుంది, ముద్ర పడుతుంది, 'తగు చర్య నిమిత్తం' అని రాసి సంబంధిత అధికారికి పంపుతారు. సంబంధిత అధికారి అంటే తహసీల్దారే. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే విచారించి, తన తప్పేమీ లేదని తానే తేల్చి, 'పరిష్కరించబడినది' అని పైకి పంపుతాడు. అవ్వ ఫోనుకు మెసేజ్ వస్తుంది. అవ్వకు చదువు రాదు కాబట్టి దాన్ని చదివి వినిపించే భాగ్యం కూడా మనవాడిదే.

ఇందులో ఒక మెలిక ఉంది. చెల్పూరు అంటే ఒక్కటే ఊరు కాదు. కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో ఇంకో చెల్పూరు ఉంది. గణపురం మండలం అని రాయడం మరిచిపోతే ఈ చెల్పూరు అర్జీ ఆ చెల్పూరు చూసొస్తుంది. అందుకే మనవాడు ప్రతి కాగితం మీదా పెద్దక్షరాలతో 'థర్మల్ ప్లాంటు చెల్పూరు' అని రాస్తాడు. ప్లాంటు వల్ల ఊరికి ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు ఇది కూడా చెప్పుకోవచ్చు.

అర్జీలు రాయని రోజు న్యాయ విజ్ఞాన సదస్సు. ఉపాధి కూలీలను పనిదగ్గర నుంచి తెచ్చి గంటసేపు కూర్చోబెడతారు. వేదిక మీద శాలువాలు, బొకేలు. 'చట్టాలపై ప్రతి ఒక్కరూ అవగాహన కలిగి ఉండాలి' అంటారు. తెల్లారి జిల్లా పేజీలో అదే శీర్షిక. ఆ పేజీ పెట్టే సబ్ ఎడిటర్ దగ్గర ఆ శీర్షిక రెడీగా ఉంటుంది, ఊరి పేరొక్కటే మారుస్తాడు. చట్టం తెలియదంటే కోర్టు ఒప్పుకోదని కూలీలను హెచ్చరిస్తారు. ఉపాధి కూలి పదిహేను రోజుల్లో చెల్లించాలన్నదీ చట్టమే కదా అని వెనక వరసలో ఎవరైనా లేస్తే, సమయాభావం వల్ల సభ ముగుస్తుంది.

చట్టం తెలుసుకోవడం కూడా అంత సులువా? 2024 జులై 1 పొద్దున లేచేసరికి మనవాడి చదువంతా పాతబడిపోయింది. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 302 నుంచి 103కు మారింది. మోసం 318 అయింది. అత్తింటి వేధింపుల 498-ఎ కాస్తా 85 అయి కూర్చుంది. సీఆర్‌పీసీ కూడా మారి, ఊరి మీద విధించే 144ను 163 అనాలట. కొత్త పుస్తకం వచ్చేదాకా మనవాడు సదస్సుల్లో సెక్షన్ నంబర్లు చెప్పడం మానేసి 'సంబంధిత సెక్షన్' అంటూ నెట్టుకొచ్చాడు. వేదిక మీద ఉన్నవాళ్లెవరూ సరిదిద్దలేదు. వాళ్లకూ కొత్త పుస్తకం రాలేదు మరి.

లోక్ అదాలత్ వచ్చిందంటే మాత్రం మనవాడికి ఊపిరాడదు. 'రాజీ మార్గమే రాజమార్గం' అని బ్యానరు కడతారు. రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇది నిజంగా మంచి ఏర్పాటే, వెక్కిరించడానికి మనసు రాదు. యాక్సిడెంటు కేసుల్లో బీమా డబ్బు ఏళ్లకేళ్లు తిరగకుండా ఇంటికొచ్చిన కుటుంబాలున్నాయి. కాకపోతే సాయంత్రానికి వేలల్లో కేసులు పరిష్కారం అని లెక్క రావాలి. భూమి తగాదా ఒకటి తెగాలంటే మూడు తరాలను ఒకచోట కూర్చోబెట్టాలి. హెల్మెట్ లేని కేసులు వంద తెగాలంటే వంద జరిమానాలు చాలు. న్యాయం ఎటు వేగంగా నడుస్తుందో ఊహించుకోండి.

ఎవరినైనా పట్టుకుపోయారని తెలిస్తే మనవాడు స్టేషన్‌కు వెళ్లి, నిందితుడికి వకీలు సాయం అందేలా చూడాలి. పథకంలో ఉంది. వెళ్తాడు కూడా. "నువ్వెవరివి?" అంటాడు సెంట్రీ. కార్డు చూపిస్తాడు. సెంట్రీ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "గిది దేనికి పన్జేస్తది?" అంటాడు. మనవాడికి ఆ సంగతి ఇంట్లోవాళ్లు అడిగినప్పుడే తేలలేదు.

ఇంట్లోవాళ్లంటే గుర్తొచ్చింది, గౌరవ వేతనం. బిల్లు పెట్టి నెలలైంది. గౌరవం మాత్రం ఠంచనుగా అందుతోంది, వేతనం దారిలో ఉంది. మనవాడి ఆదాయం తక్కువ కాబట్టి 12వ సెక్షన్ ప్రకారం ఆయనా ఉచిత న్యాయ సాయానికి అర్హుడే. ఫారం తనే ఇచ్చుకున్నాడు, తనే నింపుకున్నాడు, ఫ్రంట్ ఆఫీసులో తన టేబుల్‌కు అటువైపు నిలబడి ఇటువైపుకు అందించుకున్నాడు. ముద్ర వేసి పైకి పంపాడు. మూడు వారాలకు కొర్రీతో వెనక్కి వచ్చింది: 'దరఖాస్తుదారుది ఏ చెల్పూరో తెలుపగలరు.'