మూడో యజమాని

మా మేనమామకు కొత్త కారు కొనే స్తోమత ఎప్పుడూ ఉంది. పాత కారు కొనే స్తోమతే లేదు. అయినా ఆయన కొన్నవన్నీ పాతవే. అవీ సామాన్యమైనవి కావు, ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లూ కాంట్రాక్టర్లూ వెనక సీట్లో కూర్చుని పేపరు చదువుకున్న రకం. "ఒకప్పుడు దీని ధరకు బంజారాహిల్స్‌లో ఫ్లాట్ వచ్చేదిరా. ఇప్పుడు ఆల్టో ధరకు ఇచ్చేశాడు" అని మురిసిపోతాడు. ఇచ్చేసినవాడు ఇంకెంత మురిసిపోయాడో ఆయన ఆలోచించడు. బండి ధర పడితే దాని స్పేర్ల ధర పడదు కదా. ఆల్టో ధరకు కొన్నదానికి హెడ్‌లైటు పగిలిందంటే మళ్లీ బంజారాహిల్స్ వైపే చూడాలి.

లగ్జరీ కారు ఆయుష్షు ఇంజిన్‌లో ఉందని కొందరు, గేర్‌బాక్స్‌లో ఉందని కొందరు వాదిస్తారు. నన్నడిగితే అది మూడో యజమానిలో ఉంది. మొదటాయన షోరూముకే పంపుతాడు. రెండో ఆయన పేరున్న గ్యారేజీకి పంపుతాడు. మూడో ఆయన షెడ్డుకు స్వయంగా వెళ్లి, "అది పీకేసి నడిపితే ఏమవుద్ది భాయ్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు బండి ఏం జవాబు చెబుతుందన్న దాన్ని బట్టే దాని బతుకు.

"ఏమీ కాదు, పద" అనే రకం డబ్ల్యూ124 మెర్సిడెస్. 1984లో జర్మనీలో పుట్టింది. ఆ కంపెనీ టెల్కోతో కలిసి 1995లో పుణేలో తయారీ మొదలుపెట్టినప్పుడు మన గడ్డ మీద చేసిన తొలి బండి కూడా ఇదే. తలుపు వేస్తే గోద్రెజ్ బీరువా మూసినట్టుంటుంది. ముందు అద్దానికి ఒకే ఒక్క వైపరు. అది ఊరికే అటూ ఇటూ ఊగదు. మూలకు పోయేటప్పుడు చెయ్యి చాస్తుంది, మధ్యకొచ్చేటప్పుడు ముడుచుకుంటుంది. రెండు వైపర్లతో తేలిపోయే పనికి ఇంత యంత్రాంగమా అంటే, ఇంజినీర్లను అకౌంటెంట్లు అట్టే ప్రశ్నించని కాలం అది. వానాకాలంలో ఆ వైపరును చూస్తూ నేను ఎక్కడికి బయల్దేరానో మర్చిపోయిన సందర్భాలున్నాయి. అలాగని దానికి లోపాల్లేవని కాదు. 1990ల మొదట్లో కొన్ని ఇంజిన్లకు వేసిన వైర్ల తొడుగు వేడికి పెళుసై పొడిపొడిగా రాలేది. అదైనా కొత్తది వేసుకుంటే బండి మళ్లీ లేచి కూర్చుంటుంది.

తర్వాతే సుఖం ముదిరింది. 1991లో వచ్చిన డబ్ల్యూ140 ఎస్ క్లాస్‌కు రెండు పొరల అద్దాలు, సగం వేసిన తలుపును తనే లోపలికి లాక్కునే ఏర్పాటు, తొలి మోడళ్లలో రివర్స్ చేస్తుంటే వెనక మూలల్లోంచి లేచే రెండు కొమ్ములు. తలుపు దానంతటది మూసుకోవడం మూడో యజమాని అడగని వరం. ఆయనకు చేతులున్నాయి. ఫోక్స్‌వాగన్ అప్పటి అధినేత ఫెర్డినాండ్ పీయెక్ అయితే ఫేటన్ కారుకు పెట్టిన పరీక్ష ఇంకా విడ్డూరం. బయట 50 డిగ్రీల ఎండ, రోజంతా గంటకు 300 కిలోమీటర్ల వేగం, లోపల మాత్రం 22 డిగ్రీలు దాటకూడదట! మే నెల రామగుండానికి సరిపోయే బండే. ఆ వేగానికి సరిపోయేది మాత్రం రాజీవ్ రహదారి కాదు.

మా మామయ్య కూడా ఓసారి గాలి సస్పెన్షన్ ఉన్న బండి కొన్నాడు. కంపెనీ పేరెందుకులెండి. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి నేల మీద పడుకుంది. ఆయన చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "నిన్న ఎక్కువ తిప్పాం, అలిసిపోయింది పాపం" అన్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు. ఆటో పిలిచింది.

ఈ లెక్కన నాజూకు పెరిగినకొద్దీ ఆయుష్షు తరుగుతుందని సిద్ధాంతం చేద్దామనుకుంటే, అడ్డం వచ్చేది లెక్సస్ ఎల్‌ఎస్ 400. ప్రపంచంలోకెల్లా మంచి కారు చేయండని 1983లో టొయోటా పెద్ద ఐజీ టొయోడా తన వాళ్లకు పురమాయిస్తే, 1989లో బయటికొచ్చిన బండి ఇది. బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చి, రోలర్ల మీద చక్రాలను గంటకు 145 మైళ్ల వేగంతో తిప్పి, చుక్క తొణకలేదని ప్రకటన ఇచ్చారు. జపాన్ వాళ్లు చప్పుడు మీద దుప్పటి కప్పడంతో సరిపెట్టలేదు. అది పుట్టే చోటుకే వెళ్లి, ఇంజిన్ భాగాలను అంత కచ్చితంగా చెక్కారు. చప్పుడు తగ్గించడానికి కొత్తగా పెట్టినవి చెడిపోతాయి, బాగా చెక్కినది అరిగే దాకా పనిచేస్తుంది. అమెరికాలో 1996 మోడల్ ఒకటి పది లక్షల మైళ్లు దాటేసింది.

డాలస్‌లో మా బాబాయికి ఇదే కారు. ఇంజిన్ నడుస్తోందని తెలియక మళ్లీ తాళం తిప్పి స్టార్టర్‌ను కెవ్వుమనిపిస్తుంటాడు. ఆ కారు చేసే పెద్ద చప్పుడు అదొక్కటే. అయితే ఈ మోడల్‌కూ ఒక దిష్టిచుక్క ఉంది. పవర్ స్టీరింగ్ పంపు కారిందంటే ఆ ఆయిల్ వెళ్లి సూటిగా కిందున్న ఆల్టర్నేటర్ నెత్తిన పడుతుంది. నా ఓటు మాత్రం డబ్ల్యూ124కే. లెక్సస్‌లో కూర్చుంటే కింద రోడ్డుందన్న కబురే అందదు. ఇందులో అందుతుంది, కాకపోతే మర్యాదగా అందుతుంది.

మన కాంటెస్సాను ఈ వరసలో కూర్చోబెడితే నవ్వుతారు గానీ, బతకడం దానికీ తెలుసు. 1984లో అంబాసిడర్ ఇంజిన్‌తో వచ్చి, అంత పెద్ద ఒంటిని లాగలేక ఆయాసపడింది. తర్వాత ఇసుజు ఇంజిన్ పెట్టారు. అదే ఇంజిన్ అంబాసిడర్‌లోనూ దూరింది కాబట్టి సామాను దొరుకుతుంది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000కు ఆ అదృష్టం లేదు. రోవర్ వాళ్ల అందమైన ఒంట్లో కాలం చెల్లిన ఇంజిన్ పెట్టుకుని వచ్చి, నాలుగేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది.

మొన్న మలక్‌పేట షెడ్డులో మామయ్య కొత్త పాత బండిని చూపిస్తూ అక్కడి మెకానిక్ భాయ్‌ని అడిగాను, ఇన్ని చూశావు కదా, అన్నిట్లోకీ ఏది గట్టిదని. స్పానర్ తుడుచుకుంటూ, "ఏ బండికి జోడీగా నా దగ్గర ఇంకోటి పడుందో అదే గట్టి బండి సార్" అన్నాడు. వెనక్కి చూస్తే వేపచెట్టు కింద అచ్చం మామయ్యదిలాంటిదే, తలుపుల్లేకుండా, సీట్లలో కోళ్లతో ఉంది. నేను ఇటు తిరిగేలోపు మామయ్య దాని రేటు బేరమాడుతున్నాడు, కోళ్లతో కలిపి.