గిల్డు కావలెను, కాకపోతే...

"జగ్గయ్యపేట వాస్తవ్యుడు. వయసు 42. ఎరువులు, పురుగుమందుల కొట్టు, సొంత ఇల్లు, ఒక భార్య, ఇద్దరు పిల్లలు, అయిదు గేముల్లో ఖాతాలు. ఆటల్లో ముప్ఫయ్యేళ్ల అనుభవం. దురలవాట్లు లేవు, అదొక్కటీ తప్ప. తీరికున్నప్పుడు ఆడుకోనిచ్చే, లేనప్పుడు తిట్టని గిల్డు కావలెను. కులమత పట్టింపు లేదు, లెవెల్ పట్టింపు అసలే లేదు. నందిగామ వాళ్లయినా పర్వాలేదు."

ఈ ప్రకటన రాసి మా ఆవిడకి చూపించాను. చదివి, "ఒక భార్య అని అంకె వెయ్యాల్సిన అవసరం ఏమొచ్చిందండీ?" అంది. గిల్డు ఊసే ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడకి తెలిసింది గిల్టు నగలే.

మా ఆవిడలాంటి పాఠకులుంటారు కాబట్టి విడమరిచి చెబుతాను. ఆటలో పదిమంది కలిసి కట్టుకునే జట్టే గిల్డు. కొన్ని ఆటల్లో క్లాన్ అంటారు. పేరేదైనా లోపలి సరుకొకటే: ఒక లీడరు, నలుగురు కో-లీడర్లు, వాళ్లకొక వాట్సాప్ గ్రూపు, అందులో రాత్రి పదకొండింటికి ఒక తగాదా. గుడి కమిటీని దగ్గర్నుంచి చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నా మొదటి గిల్డు వీడియో గేముల కొట్లో మొదలైంది. ఇరుకు గది, చెమట కంపు, రూపాయి బిళ్లకో ఆట. 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అన్నది ఆ ఆట అసలు పేరని, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తీసిందని నాకు పెళ్లయ్యాక తెలిసింది. మాకది 'ముస్తఫా', అంతే. ముగ్గురు కలిసి ఆడొచ్చు. రూపాయి ఉన్నవాడు మెంబరు. అయిపోయినవాడు వెనక నిలబడి "కొట్టరా, కొట్టరా" అని అరిచేవాడు, అంటే ఇప్పటి లెక్కలో కో-లీడరు. వారం కనపడకపోతే "ఏరా, జొరమొచ్చిందా?" అని అడిగేవాళ్లే గాని, "ఇనాక్టివ్" అన్న మాట మా వీధిలో ఎవడికీ రాదు.

తర్వాత నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రయిక్ వచ్చింది. 2016లో జియో వచ్చి నెట్ సెంటర్‌ని మింగేసింది. 2018లో ఫోన్లోకి పబ్జీ దిగింది. మా స్క్వాడ్‌లో నలుగురం: నేను, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసే మావయ్య కొడుకు, నందిగామ లారీ ఆఫీసు గుమాస్తా, కోదాడ బావ. రాష్ట్రం రెండుగా చీలింది, స్క్వాడ్ చీలలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర హైదరాబాద్ హాస్టళ్ల నుంచి వస్తున్న పిల్లల్ని ఆపేసిన రోజుల్లో, మా బావకి కూడా పేటకి దారి లేదు. అయినా రోజూ రాత్రి తొమ్మిదింటికి మేం నలుగురం ఆటలోని పోచింకి ఊళ్లో దిగేవాళ్లం. అక్కడ ఈ-పాస్ అడిగినవాడు లేడు. తుపాకీతో కాల్చేవాళ్లు మాత్రం చుట్టూ ఉండేవాళ్లు.

ఆ సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది, పబ్జీ అందులో ఉంది. తర్వాత అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని 2021 జూలైలో వచ్చింది, 2022 జూలైలో పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఎండాకాలం కరెంటు కూడా ఇంతకంటే నికరంగా ఉంటుంది. ఈ మధ్యలోనే మాకూ, 2022 ఏప్రిల్లో, కృష్ణా జిల్లా పోయి ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండా సర్వర్ మారిపోయాం. ఆట తిరిగొచ్చేసరికి స్క్వాడ్ లేదు. గుమాస్తాకి పెళ్లయింది. షిఫ్టువాడు నిద్రకి అలవాటు పడ్డాడు. బావ రియల్ ఎస్టేట్‌లోకి దిగాడు, ఇక పోచింకిలోకి దిగడు.

అలా ఒంటరినై 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో ఒక క్లాన్‌లో చేరాను. యాభై మంది పట్టే క్లాన్, లీడరు డల్లాస్‌లో ఉండే తెలుగాయన. బోర్డు మీద ఇలా ఉంది: "క్యాజువల్ క్లాన్. నో ప్రెషర్. కాకపోతే వార్‌లో రెండు అటాకులూ తప్పనిసరి." ఆ 'కాకపోతే' నా కంటికి ఆనలేదు. ఇన్సూరెన్సు కాగితం మీద చిన్నక్షరాలు చదవకుండా సంతకం పెట్టే వంశం మాది.

వార్ అంటే ఇంకో క్లాన్‌తో యుద్ధం. ఒక్కో అటాక్ మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాలు రైతు కొట్టు ముందు నిలబడి "మిరప తోటకి తామర పురుగు పట్టింది, ఏం కొట్టమంటావ్?" అని అడుగుతున్నప్పుడే వస్తాయి. నేను డ్రాగన్లని దింపుతూనే "రెండు రోజులు ఆగి కొట్టు మావా" అనేవాణ్ని. ఆ సలహా పురుగుకి చెప్పానో, క్లాన్‌కి చెప్పానో ఇప్పటికీ తెలీదు.

2023 జూలై నెలాఖరు. సరుకు కోసం బెజవాడ వెళ్లి తిరిగొస్తున్నాను. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే ఎక్కింది. విజయవాడ, హైదరాబాద్ మధ్య బళ్లన్నీ ఆగిపోయాయి. ముందు లారీ, వెనక లారీ, మధ్యలో నా మినీ వ్యాను, అందులో యూరియా బస్తాలు, వాటి మీద నేను. ఒక అటాక్ కొట్టాను. రెండోది కొట్టబోతే ఫోను చచ్చిపోయింది. మర్నాడు ఛార్జింగ్ పెట్టగానే డల్లాస్ మేల్కొనే ఉంది.

"బ్రో, సెకండ్ అటాక్ ఏది?"

"మున్నేరు వచ్చింది సార్. ఇరుక్కుపోయాను."

"మున్నేరు ఎవరు బ్రో? ఏ క్లాన్? ప్లేయర్ ట్యాగ్ పంపు, చూసుకుందాం."

నేను నది అని టైప్ చేసేలోపు నన్ను కిక్ చేశారు. హైవే మీద నీళ్లు తర్వాత తీశాయి. నా పేరు మీది మచ్చ తియ్యలేదు.

మచ్చ అంటే అదొక్కటే కాదు. కొత్త క్లాన్‌కి వెళ్తే ముందు 'డొనేషన్ రేషియో' చూస్తారు. నువ్వు తోటివాళ్లకి ఎన్ని ట్రూప్స్ (సైన్యం) ఇచ్చావు, ఎన్ని పుచ్చుకున్నావు అన్న లెక్క. దీన్ని కొత్తగా కనిపెట్టామని ఆ కంపెనీ అనుకుంటుందేమో గాని, మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం అదే కదా! "ఫలానావారు నూట పదహార్లు" అని మైకులో చదివి, రాసుకుని, వాళ్లింట్లో పెళ్లినాడు పుస్తకం తిరగేసి, అంతకి తగ్గకుండా పెట్టొస్తాం.

ఇంకా వెనక్కి పోదామా? మా పేట ధనంబోడు బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనం ఒకటుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే సుమారు 1700 ఏళ్ల కిందట, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టి, తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ రాయి మీద చెక్కించాడు. డొనేట్ చేసినవాడి పేరు స్క్రీన్ మీద కనపడాలన్న రూలు మా దగ్గర పాతదే. అదే స్తూపం మీది మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో చక్రవర్తి చెయ్యెత్తితే ఆకాశంలోంచి నాణేలు కురుస్తాయి. ఆటల్లో డబ్బిచ్చి కొనే డైమండ్లు ఊరికే రాలే సర్వర్‌ని కూడా పట్టుకుపోయి చెన్నైలో పెట్టేశారు.

సరే, మొదట్లో చెప్పిన ఆ ప్రకటనకి జవాబొచ్చింది. నందిగామ గిల్డు, ఆట ఫ్రీ ఫైర్ మ్యాక్స్. లీడరు ఫోన్లో ఇంటర్వ్యూ చేశాడు. గొంతు ఇంకా మారలేదు.

"బ్రో, మాది ఫుల్ క్యాజువల్. కాకపోతే మూడు రోజులు ఆన్‌లైన్‌కి రాకపోతే కిక్."

"నాలుగో రోజు వస్తే?"

"అప్లికేషన్ పెట్టుకోవాలి బ్రో. రీజన్ రాయాలి. నీ కేడీ ఎంత?"

కేడీ అంటే మా కాలంలో పోలీసు స్టేషన్ గోడ మీద బొమ్మ ఉండేవాడు. ఇప్పుడు ఎంతమందిని చంపి ఎన్నిసార్లు చచ్చామన్న లెక్కట. నా లెక్కలో చావులే ఎక్కువ. ఆ మాట గౌరవంగా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే అవతల నుంచి ఒక ఆడగొంతు: "ఒరేయ్, ఆ ఫోను అవతల పెట్టి ట్యూషన్‌కి పోతావా, అట్లకాడ తేనా?" లీడరు గొంతు తగ్గించి, "బ్రో, ఇంటర్వ్యూ మండే కంటిన్యూ చేద్దాం. యూనిట్ టెస్టులున్నాయి," అన్నాడు. మూడు రోజుల రూలు లీడర్లకి వర్తించదు కాబోలు.

ఇంతకీ నేను ఏ ఖాతాలోకి వస్తానో ప్రభుత్వాన్నే అడుగుదామని చూశాను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆటల్ని మూడుగా విడదీసింది: ఈ-స్పోర్ట్స్, సోషల్ గేములు, డబ్బు పెట్టి ఆడేవి. మొదటి రెండింటికీ ప్రోత్సాహం, మూడోదానికి నిషేధం. మామిడితోటల్లో పేకాడే మా పెద్దలు ఆ చట్టం సంగతి విని ఊపిరి పీల్చుకున్నారు. ఆన్‌లైన్ అన్నారు గాని మామిడితోట అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. ఆడకుండా ఉండలేకపోతే అది జబ్బట. ఆడటానికి వీల్లేనన్ని రూల్స్ పెట్టేవాడిది ఏ జబ్బో పట్టికలో లేదు.

నాకు తెలుసు ఆ జబ్బు. మనవాళ్లకి సరదా మీద నమ్మకం లేదు. సరదాకి కూడా ఒక రిజిస్టరు, ఒక సంతకం, ఒక ఫైను ఉండాలి. పొద్దున్నే గ్రౌండులో నడిచే మిత్రబృందాన్ని చూడండి. మొదటి నెల కబుర్లు. రెండో నెల అధ్యక్షుడు. మూడో నెల రానివాడు అందరికీ ఇడ్లీ పెట్టించాలి. నాలుగో నెల నడక లేదు, ఇడ్లీ బాకీల మీద మీటింగు. అంతెందుకు, మా కొట్లో కుర్రాడు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే గోడ మీది క్యాలెండర్లో సున్నా చుట్టేది నేనే.

చివరికి విసిగి, మళ్లీ క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లోనే ఎప్పుడో పదేళ్ల నాటి పాత క్లాన్ ఒకటి వెతికి చేరాను. నలుగురే సభ్యులు. ఎవరూ రారు, పోరు. అక్కడ లీడరు చాలాకాలం మొహం చూపించకపోతే ఆట తనంతట తనే కిరీటం ఇంకొకరి నెత్తిన పెడుతుంది. కొన్నాళ్లకి ఆ కిరీటం నా నెత్తిన పడింది. పోటీ లేదు, ప్రచారం లేదు, ఏకగ్రీవం. అయిదు రోజులు స్వర్గం. వార్ లేదు, తిట్టు లేదు, చాట్‌లో చీమ చిటుక్కుమనలేదు. ఆరో రోజు ట్రూప్స్ అడిగితే ఇచ్చే దిక్కు లేదు.

ఏడో రోజు కంచికచర్ల నుంచి ఒక కుర్రాడు చేరాడు. "అన్నా, రూల్స్ ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. ఛాతీ పొంగింది. "ఏమీ లేవు తమ్ముడూ. వీలున్నప్పుడు రా, లేనప్పుడు మానెయ్," అని రాశాను. ముప్ఫయ్యేళ్లుగా ఎవడన్నా నాతో అంటాడని ఎదురుచూసిన మాట అది.

మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేనడిగిన ట్రూప్స్ అలాగే ఉన్నాయి. మూడో రోజు పొద్దున కొట్టు షట్టరు ఎత్తి, క్యాలెండర్ వంక ఒకసారి చూసి, ఫోను తీశాను.

"తమ్ముడూ, మనది పూర్తిగా క్యాజువలే. కాకపోతే..."