అమ్మినవాడే రిపేరూ చూడాలి

మా రోజుల్లో సినిమా ప్రొజెక్టర్ అమ్మడమంటే ఆ హాలు బాధ్యత నెత్తికెత్తుకోవడమే. విజయవాడ గాంధీనగర్‌లో ప్రొజెక్టర్ల అమ్మకాలూ సర్వీసూ రెండూ చూసే మేనేజరుగా పనిచేశాను. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ ఆ చుట్టుపక్కలే. సినిమా పెట్టెల కోసం వచ్చిన హాలు మనుషులు అటునుంచి అటే మా మెట్లెక్కేవాళ్లు. "గుడివాడలో మీ మిషన్ మీద బొమ్మ ఎగురుతోందండీ" అని ఒకరంటే, సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకేది. అందుకే రిపేరుకు మనిషిని పంపాకే కొత్త ఆర్డరు మాట ఎత్తేవాళ్లం.

35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. ఒక్కో ఫ్రేమునూ గేటులో నిలిపి, మళ్లీ లాగేది మాల్టీస్ క్రాస్. అది నడిపే పళ్ల చక్రం అరిగిందా, తెర మీద బొమ్మ వణుకుతుంది. ఆపరేటరు ఫోన్లో చెప్పే తీరును బట్టే సంచిలో ఏ సామాను వేసుకోవాలో మాకు తెలిసిపోయేది. మాట గరగరమంటే ఎగ్జైటర్ ల్యాంపు చూడు, వెలుగు మందగిస్తే కార్బన్ కడ్డీల మధ్య ఎడం చూడు. తర్వాత జెనాన్ ల్యాంపులు వచ్చాయి. ఆరిపోయి చల్లబడ్డాక కూడా వాటి లోపల గ్యాసు ఒత్తిడి మీదే ఉంటుంది. పగిలితే గాజుముక్కలు మొహాన పడతాయి. ముఖానికి అడ్డు, చేతికి తొడుగు లేనిదే ముట్టుకోవద్దని ప్రతి ఆపరేటరుకీ దగ్గరుండి నేర్పాం. ఆ నేర్పినదానికి ఏనాడూ బిల్లు వెయ్యలేదు.

సంక్రాంతి ముందు మా మెకానిక్కులు హాళ్లన్నీ తిరిగేవాళ్లు. నూనె మార్చి, గేటు తుడిచి, రెక్టిఫైయర్ పరీక్షించి వచ్చి రాసిన రిపోర్టులు నేనే చదివేవాణ్ణి. ఒక మోడల్లో ఒకే సామాను పదే పదే పోతోందని తెలిశాక, దాన్ని ఇంకొకరికి అంటగట్టడానికి నోరెలా వస్తుంది? అమ్మకం, సర్వీసు ఒకే బల్ల మీద ఉంటే వచ్చే లాభం అదే.

ఇప్పుడు డిజిటల్ ప్రొజెక్టర్ల కాలంలో అమ్మేవాడొకడు, ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) చూసేవాడింకొకడు, ఫోనెత్తేవాడు మరో రాష్ట్రంలో. అమ్మినవాడికి నెల టార్గెట్ తప్ప ఆ మిషన్ మొహం మళ్లీ చూసే పని లేదు. మ్యాట్నీ ఆగిపోయి జనం కేకలేస్తుంటే "కంప్లయింట్ నంబరు చెప్పండి" అంటారు. రిపేరుకు వచ్చే కుర్రాణ్ణి నేను తిట్టను. వాడికి సర్క్యూట్ కార్డు మార్చడం నేర్పారు, అది ఎందుకు పోయిందో వెతకడం నేర్పలేదు.

డిజిటల్ బొమ్మ బాగుంది. గీతలు లేవు, రీలు తెగడం లేదు, చిన్న ఊళ్లో కూడా మొదటి రోజే సినిమా పడుతోంది. నా కోపం దాని మీద కాదు. సినిమాతోపాటు వచ్చే కేడీఎం అనే తాళం ఆ హాలు సర్వరుకే, ఫలానా తేదీల మధ్యే పనిచేస్తుంది. సర్వరులో దానికి సంబంధించిన కార్డు మారిస్తే పాత తాళం చెల్లదు, కొత్తది తెప్పించుకోవాల్సిందే. దొంగ కాపీలు ఆపాలంటే ఆ కట్టుదిట్టం ఉండాలి, కాదనను. కానీ ఆపరేటరు చెయ్యి పెట్టడానికి వీల్లేని మిషన్ అమ్మినవాడికి బాధ్యత పెరగాలా, తగ్గాలా? స్పేరు కార్డు జిల్లాలోనే ఉండాలి. సెకండ్ షో వేళ కూడా పలికే ఇంజనీరు ఉండాలి. ఆ రెండూ లేకుండా అమ్మడం అన్యాయం.

హాలు యజమానులూ, ధర మాట్లాడేముందు స్పేర్లు ఏ ఊళ్లో ఉన్నాయో, ఆదివారం మిషన్ ఆగితే వచ్చే మనిషి ఎవరో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనివాడి దగ్గర కొనకండి.