టేబుల్ కట్టకుండా డేటాబేస్ నడిపే పద్ధతి

రిలేషనల్ డేటాబేస్‌లో సమాచారం టేబుళ్లలో, అంటే పేరూ రకమూ ముందే నిర్ణయించిన కాలమ్‌లు గల పట్టికలలో నిలువ ఉంటుంది. ఆ నిర్ణయాన్ని తెలియజేసే 'క్రియేట్ టేబుల్' వాక్యాన్ని ఎస్‌క్యూఎల్ భాషలో మనిషే రాయడం పాత ఆచారం. ఏ కాలమ్ ఖాళీగా ఉండవచ్చు, ఏ విలువ రెండోసారి రాకూడదు, ఏ వరుస మరే టేబుల్లోని వరుసను సూచిస్తుంది అన్న ప్రశ్నలన్నీ ఆ రాసేవారి మెడకే చుట్టుకునేవి. ఈ ఆలోచనాభారం వదిలించుకోదలచిన ప్రోగ్రామర్ కోసం జావాలో హైబర్నేట్, పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, జాంగో వంటి ఓఆర్‌ఎమ్‌లు, అంటే కోడ్‌లోని క్లాసులకూ డేటాబేస్‌లోని టేబుళ్లకూ మధ్య దుబాసీ పని చేసే ఉపకరణాలు, క్లాసును చూసి టేబుల్ నిర్వచనాన్ని తామే పుట్టిస్తాయి. వాటిని అచంచల విశ్వాసంతో వాడదలచినవారు ఈ కింది క్రమాన్ని పాటించాలి.

కాలమ్ పొడవు గురించి ఆలోచించకూడదన్నది మొదటి నియమం. క్లాసులో స్ట్రింగ్ అని మాత్రమే రాసి వదిలేస్తే హైబర్నేట్ దానికి వార్‌చార్(255) కేటాయిస్తుంది కాబట్టి ఆరంకెల పిన్‌కోడూ అరపేజీ ఫిర్యాదూ సమాన గౌరవం పొందుతాయి. పొదుపు కోరి పొడవును తానే నిర్ణయించాలనుకునే ప్రోగ్రామర్ కొలతకు ఇంగ్లిష్ పేర్లనే వాడడం శ్రేయస్కరం, ఎందుకంటే హల్లునూ పొల్లునూ గుణింతపు గుర్తునూ విడివిడిగా లెక్కించే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు కంటికి 11 అక్షరాలుగా కనిపించే వెంకట లక్ష్మీనరసింహమూర్తి, మధ్యలోని ఖాళీతో కలిపి, 25గా లెక్కకు వస్తాడు. వార్‌చార్(20) ఉన్న చోట ఆయన నమోదు గుమ్మంలోనే ఆగిపోతుంది.

ఈనమ్‌ల విషయంలో, అంటే కొన్ని నిర్ణీత విలువలకే పరిమితమైన రకాల విషయంలో, మౌనమే ఉత్తమం. జావాలో ఓఆర్‌ఎమ్‌లకు ప్రమాణమైన జేపీఏ ప్రకారం, వేరుగా చెప్పకపోతే, ఈనమ్ విలువకు బదులు జాబితాలో దాని స్థానం 0, 1, 2 అన్న అంకెగా నిలువ అవుతుంది. అందింది, ఆమోదం, తిరస్కరణ అన్న మూడు దశలతో మొదలైన దరఖాస్తుల టేబుల్లో వేలాది వరుసలు చేరాక, చూడడానికి క్రమంగా ఉంటుందన్న సదుద్దేశంతో అందినదానికీ ఆమోదానికీ మధ్య 'పరిశీలన' అనే దశను చేరిస్తే, అంతకుముందు ఆమోదం పొందినవన్నీ తిరిగి పరిశీలనకు వెళతాయి, తిరస్కరించినవన్నీ ఆమోదం పొందుతాయి. ఏ అధికారి సంతకమూ అక్కరలేదు, డేటాబేస్‌లో ఒక్క అంకె కూడా మారదు. ఏ ప్రభుత్వ శాఖా ఇంత వేగంగా దరఖాస్తులను పరిష్కరించి ఉండదు.

టేబుళ్లను ఎప్పుడు పుట్టించాలో నిర్ణయించే హైబర్నేట్ సెట్టింగ్‌కు గల విలువల్లో 'వాలిడేట్' అన్నది క్లాసునూ టేబుల్‌నూ పోల్చి, తేడా ఉంటే అప్లికేషన్‌ను మొదలు కానివ్వకుండా ఆపే చాదస్తపు విలువ గనుక దాన్ని విడిచిపెట్టాలి. 'అప్‌డేట్' మర్యాదస్తురాలు: కొత్త కాలమ్‌లను చేరుస్తుంది గాని పాతవాటిని తీసివేయదు, కాబట్టి రెండేళ్లు గడిచేసరికి ఫోన్, ఫోన్‌నంబర్, మొబైల్ అనే మూడు కాలమ్‌లు ఒకే టేబుల్లో పక్కపక్కనే కాపురముంటాయి. తేటదనం కోరేవారికి 'క్రియేట్' ఉంది; అది అప్లికేషన్ మొదలైన ప్రతిసారీ ఉన్న టేబుళ్లను కూల్చి కొత్తవి కడుతుంది. పరీక్షల కోసం పెట్టుకున్న ఈ విలువను మార్చకుండానే అసలు సర్వర్ మీదికి పంపితే పేరుకుపోయిన పాత సమాచారం బెడద ఒక్క రీస్టార్ట్‌తో తీరిపోతుంది.

పేరు మార్చడంలో మరింత నిబ్బరం కావాలి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 'క్రియేట్ ఆల్' ఇప్పటికే ఉన్న టేబుల్ జోలికి పోదు. ఆ పని మైగ్రేషన్‌లది, అంటే టేబుల్‌ను ఒక రూపం నుంచి మరో రూపానికి తెచ్చే అంచెలవారీ ఆదేశాలది. వాటిని స్వయంగా రాసిపెట్టే అలెంబిక్, పేరు మార్చుకున్న మనిషిని చనిపోయినట్టు నమోదు చేసి అదే ఇంట్లో బిడ్డ పుట్టినట్టు రాసుకునే జనన మరణాల గుమాస్తాలాగా, పాత కాలమ్‌ను తొలగించి కొత్తది చేర్చమని రాస్తుంది. కొత్తది సహజంగానే ఖాళీగా పుడుతుంది. 2014 నాటి 1.7 వెర్షన్‌లో మైగ్రేషన్‌లను తనలో కలుపుకున్న జాంగో ఇక్కడ కాస్త అనుమానపు మనిషి. పేరు మారిందా అని అడుగుతుంది. చదవకుండా ఎంటర్ నొక్కితే చాలు, ఆ జవాబును కాదనే స్వీకరిస్తుంది.

పరీక్షలన్నీ ఎస్‌క్యూలైట్ మీదే జరపాలి. అది వార్‌చార్(20) అని రాసినా పొడవును పట్టించుకోదు, ఒక వరుస సూచించే మరో వరుస నిజంగా ఉండి తీరాలనే ఫారిన్ కీ నియమాన్ని ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అమలు చేయదు. అక్కడ నరసింహమూర్తి నిరాటంకంగా నమోదవుతాడు, పరీక్షలన్నీ పచ్చగా వెలుగుతాయి.

ఇంత చేసినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. పుట్టించిన ఎస్‌క్యూఎల్‌ను అమలు చేయకుండా ముందుగా చూపించే సౌకర్యం ఈ ఉపకరణాలన్నింటిలోనూ ఉంది, జాంగోలోనైతే దాని పేరు 'ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్'. పొరపాటున దాన్ని నడిపి, వచ్చిన పది వాక్యాలనూ చదివిన ప్రోగ్రామర్‌కు పై నియమాలలో ఒక్కటైనా పాటించడం ఆ తరువాత సాధ్యపడదు.