చదివినోడెవడు?

మన దగ్గర దేనికైనా కరువుంటుందేమో గానీ సంతకానికి లేదు. సెమిస్టర్ చివరి వారంలో రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక దాకా ఏ జిరాక్స్ షాపు ముందైనా నిలబడి చూడండి. రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు, స్పైరల్ బైండింగులు. పోయినేడు సీనియర్ రాసింది ఈయేడు జూనియర్ దించుతాడు. తప్పులతో సహా దించుతాడు. కొందరు మహానుభావులు సీనియర్ హాల్‌టికెట్ నంబరు కూడా దించేస్తారు. సారు ఎర్ర పెన్ను తీస్తాడు. టిక్కు, తేదీ, సంతకం. చదివాడా? మీరు మరీ అమాయకులండీ!

ఆపరేటింగ్ సిస్టమ్స్ రికార్డే తీసుకోండి. రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం, పేజ్ రీప్లేస్‌మెంట్. నాన్న చేసిన ప్రయోగాలే కొడుక్కీ. 1987లో పుట్టిన టర్బో సి నీలితెర చాలా కాలేజీల్లో ఇంకా కొలువులోనే ఉంది. దానికి రిటైర్మెంట్ లేదు. ఇంతలో కుర్రాడి జేబులో ఆండ్రాయిడ్ ఫోను. దాని అడుగున ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, లైనక్స్ కెర్నెల్. మూడు కోట్ల పంక్తులకు పైబడిన కోడు, అంతా బహిరంగం, పైసా ఖర్చు లేదు. అందులోంచి పది పంక్తులు తెరమీద వేసి ‘ఇదేంటో చెప్పండ్రా’ అనే క్లాసు ఎన్ని కాలేజీల్లో జరుగుతోంది?

ఆ మూడు కోట్లలో సగానికి పైగా పరికరాలను నడిపించే డ్రైవర్లే. వైఫైకి ఒకటి, కెమెరాకు ఒకటి, టచ్‌స్క్రీన్‌కు ఒకటి. యాప్ తప్పు చేస్తే యాప్ ఒక్కటే పోతుంది. డ్రైవర్ అలా కాదు, ఇంటి తాళాలన్నీ చేతికిచ్చి పెట్టుకున్న మనిషి. తేడా వస్తే కొంప మొత్తం ఖాళీ. అందుకే డ్రైవర్‌కు ఒకడు ప్యాచ్, అంటే కోడులో మార్పు, పంపితే ఇంకొకడు కూర్చుని చదవాలి. ఏం చదవాలి? పరికరాన్ని మొదలుపెట్టే ప్రోబ్ ఫంక్షన్ మధ్యలో ఫెయిలైతే, అప్పటిదాకా తీసుకున్న మెమరీని, క్లాకును, ఇంటరప్టును వచ్చిన వరసకు ఎదురు వరసలో తిరిగిచ్చాడా? నడుస్తుండగా పరికరాన్ని పీకేస్తే, ఎక్కడో మిగిలిపోయిన టైమరు విడిచేసిన మెమరీని తడుముతుందా? యూజరు చెప్పిన పొడవును గుడ్డిగా నమ్మి కాపీ కొట్టాడా? స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోయాడా? లాకు పట్టుకుని నిద్రపోవడం మన ఆఫీసుల్లో ప్రమోషన్‌కు అర్హత. కెర్నెల్‌లో మాత్రం నేరం.

చదివాక ‘రివ్యూడ్-బై’ అని తన పేరు రాయాలి. ఆ పేరు కెర్నెల్ చరిత్రలో ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత బగ్గు బయటపడ్డా, ఎవరు చదివి సరే అన్నారో లోకానికంతా కనిపిస్తుంది. రాసినవాడి సంతకం వేరే ఉంది. ఎస్‌సీవో అనే కంపెనీ ‘మా కోడు లైనక్స్‌లోకి ఎక్కించారు’ అంటూ ఐబీఎం మీద కోర్టుకెక్కాక, 2004లో ఆ పద్ధతి పెట్టారు. ఇదే పద్ధతి మన ల్యాబు రికార్డులకు పెడితే? ఏ తప్పును ఎవరు దాటించారో పేరుతో సహా తేలితే? ఎర్ర పెన్నుల కంపెనీలు దివాలా తీయవూ?

చదవకపోతే ఏం కొంపలు మునుగుతాయి అంటారా? శంషాబాద్‌ను అడగండి. 2024 జులై 19న విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి ఇండిగో రాసిచ్చిన చీటీ ఫొటో దేశమంతా తిరిగింది. విశ్వనగరం, బాల్‌పెన్ను టెక్నాలజీ! కారణం? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ. విండోస్ కెర్నెల్‌లో కూర్చునే వాళ్ల డ్రైవర్‌కు వచ్చిన కొత్త ఫైలు 21 విలువలు కావాలంది. కోడు అందించింది 20. లేని ఇరవై ఒకటోదాని కోసం డ్రైవరు హద్దు దాటి మెమరీలో చెయ్యి పెట్టింది. ప్రపంచమంతా దాదాపు 85 లక్షల మిషన్లు పడుకున్నాయి. ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టడం యూకేజీ సిలబస్ కదండీ! పోనీ సరిచూసే ఏర్పాటు లేదా అంటే, వాలిడేటర్ అని ఒక ప్రోగ్రాముంది. దానిలోనూ బగ్గే. అదీ టిక్కు పెట్టేసింది. మూసిపెట్టిన కోడు కనుక బయటివాడు వేలెత్తి చూపే వీలే లేదు. ఆ తర్వాత కంపెనీ తమకు సాయపడ్డ భాగస్వాములకు పది డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్లు పంపింది, కాఫీ తాగమని. అందరూ ఒక్కసారిగా వాడేసరికి ఇదేదో మోసమని ఉబర్ అనుమానించింది. కొందరికి ఆ కాఫీ కూడా దక్కలేదు. మొత్తం కథలో నిఖార్సయిన తనిఖీ జరిగింది ఆ ఒక్కచోటే!

అయితే తెరిచిన కోడైతే బేఫికర్ అనుకుంటున్నారా? ఆగండి. తలుపు తీసినంత మాత్రాన చదివేవాళ్లు వచ్చి కూర్చోరు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు కావాలనే తప్పులు దాచిన ప్యాచ్‌లు కెర్నెల్‌కు పంపారు, చదివేవాళ్లు పట్టుకుంటారో లేదో చూద్దామని. 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ బాధ్యత చూసే మెయింటైనర్లలో ఒకడైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌కు ఒళ్లు మండింది. విశ్వవిద్యాలయం మొత్తాన్నే వెలేశాడు. అంతకుముందు అక్కణ్నుంచి వచ్చిన ప్యాచ్‌లన్నీ మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. తిరగేసిందెవరు? అప్పటికే పనితో సతమతమవుతున్న ఆ మెయింటైనర్లే. పరిశోధకులు పేపరు వెనక్కి తీసుకున్నారు. వీళ్ల రాత్రుల్ని ఎవరు వెనక్కిచ్చారు?

2024 మార్చిలో ఇంకోటి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది ఒకే ఒక్కడు. అలసిపోయానన్నాడు. ‘ఇంకెంత లేటు’ అని గదమాయించడానికి మాత్రం మనుషులు దొరికారు. సాయం చేస్తానని వచ్చిన ‘జియా టాన్’ అనే ముసుగుపేరు రెండేళ్లు బుద్ధిగా పనిచేసి, చివరికి దాంట్లో దొడ్డిదారి పెట్టేసింది. పట్టుకున్నదెవరు? ఏ ప్రభుత్వమూ కాదు, ఏ ఆడిటరూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆయనకు అనుమానమొచ్చింది. అర సెకను! ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రా’ అనే మాట మీద పెరిగిన మనమైతే పండగ చేసుకునేవాళ్లం.

సర్కారువారి సంగతికొద్దాం. 2015 మార్చిలో కేంద్రం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ పనులకు దానికే ప్రాధాన్యం, వద్దనుకుంటే కారణం రాయాలి. ఎంత చక్కటి మాట! దశాబ్దం దాటింది. మరి కంప్యూటర్ల టెండర్లలోకి విండోస్ తప్పనిసరి అనే లైను ఎట్లా దూరుతోంది సారూ? ఆ కారణం ఏ ఫైల్లో ఉంది? హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ 2005 నుంచి లైనక్స్‌కు తెలుగు నేర్పుతూ కాలేజీల చుట్టూ తిరుగుతున్నది వలంటీర్ల బలంతో. భవనాలకు రిబ్బన్లు కత్తిరించడానికి మాత్రం వీఐపీలకు కొదవ లేదు.

పిల్లల్ని వదిలేద్దామా? వదలొద్దు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఒకటి జరిగింది. ఓపెన్ సోర్స్‌కు నాలుగు మార్పులు పంపితే టీ-షర్టు. ఓ యూట్యూబ్ పాఠం చూసి మనవాళ్లు ఎగబడ్డారు. కనిపించిన ప్రతి ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలులో ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని రెండు ముక్కలు చేర్చి పంపడమే. మెయింటైనర్లు లబోదిబోమంటే మూడో రోజుకే రూల్సు మార్చారు. తిట్టండి, కాదనను. కానీ చదవకుండా సంతకం పెట్టే సారు దగ్గర చదవకుండా రాసే శిష్యుడు కాక ఇంకెవరు తయారవుతారు?

అసలు దొరలు హైటెక్ సిటీలో ఉన్నారు. 2017 నవంబరు నుంచి ప్రపంచపు టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ నడిచేది లైనక్స్ మీదే. ఈ హైటెక్ సిటీ కంపెనీల క్లౌడూ చాలావరకు దాని మీదే. చిప్పుల కంపెనీలు డ్రైవర్లు రాయడానికి ఇక్కడ మనుషుల్ని పెట్టుకున్నాయి, ఒప్పుకోవాలి. మెయింటైనర్ తిట్లు తిని, అదే ప్యాచ్‌ను ఏడోసారి దిద్ది పంపే ఇంజినీర్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లకు దండం. కానీ సొంత ప్యాచ్ రాస్తే జీతం. పక్కవాడి ప్యాచ్ చదివితే? ‘వీకెండ్‌లో చూస్కో భాయ్!’ 2023 సెప్టెంబరులో కెర్నెల్ పెద్దల మాటగా ఓ సంగతి బయటికొచ్చింది. దీర్ఘకాలిక వెర్షన్లకు ఆరేళ్ల మరమ్మతు ఇక మావల్ల కాదు, రెండేళ్లతో సరి. చేసే చేతులు తక్కువ, ఉన్నవి అరిగిపోయాయి. ఆ మరుసటి నెలే గూగుల్ కొత్త పిక్సెల్ ఫోనుకు ఏడేళ్ల అప్‌డేట్లని చాటింపు వేసింది. హామీకి స్టేజీ ఉంటుంది, లైట్లుంటాయి. చదివేవాడికి టేబుల్‌లైటైనా కొనిపెట్టారా?

మీ కంపెనీ అప్రైజల్ ఫారం ఒకసారి తీయండి. ఎన్ని ఫీచర్లు రాశావు? కాలమ్ ఉంది. ఎన్ని టికెట్లు మూశావు? ఉంది. ఎన్ని గంటలు ఇంకొకడి కోడు చదివి, ఎన్ని తప్పుల్ని గడప దాటకుండా ఆపావు? వెతకండి. వెనక పేజీ కూడా తిప్పండి. లేకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి. వచ్చే క్వార్టర్‌లో చూద్దామంటారు. ఏ సంవత్సరం క్వార్టరో చెప్పరు.