వేలు విడిచిన అత్తమ్మ

ఈ రోజుల్లో మనిషికి విలువ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొత్తం మనిషికి లేకపోవచ్చు గానీ, వేలికి మాత్రం బ్రహ్మాండమైన విలువ ఉంది. బియ్యం వేలికిస్తారు, సిమ్ కార్డు వేలికిస్తారు, పింఛను వేలికిస్తారు. మిగతా మనిషి ఆ వేలికి తోడు వెళ్లి, సంచి పట్టుకుని పక్కన నిలబడాలి.

మా పెద్ద అంబర్‌పేట్‌లో ఈ సంగతి మా అత్తమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చౌటుప్పల్ వైపు పొలాల్లో కలుపు తీసి, పత్తి ఏరి, ఇక్కడ ఇల్లు కట్టుకునేటప్పుడు ఇటుకలు మోసి, ఆ తర్వాత ఇంటిల్లిపాది గిన్నెలూ తోమి, ఆమె తన బొటనవేలిని అద్దంలా నున్నగా చేసుకుంది. అద్దానికి అద్దం చూపిస్తే ఏం కనిపిస్తుందో, రేషన్ షాపు మిషనుకు కూడా అదే కనిపిస్తుంది.

"అవ్వా, మంచిగ ఒత్తు" అంటాడు డీలరు. ఒత్తుతుంది.

"గంత గట్టిగ గాదు." తేలిగ్గా పెడుతుంది.

"కొంగుకు తుడ్సుకో." తుడుచుకుంటుంది.

"తలకు రాస్కో, జర నూనె తగిల్తె వస్తది." రాసుకుంటుంది.

ఈలోగా లైన్లో ఉన్నవాళ్లు వైద్యం అందుకుంటారు. ఒకాయన తడిగుడ్డ అంటాడు, ఒకావిడ వాజ్‌లీన్ అంటుంది. 2025 ఉగాదికి సన్నబియ్యం పథకం మొదలయ్యాక లైనూ పెరిగింది, వైద్యులూ పెరిగారు.

"నా ఏలు నాది గాదంటదేంది బిడ్డా గిది? పుట్టినకాంచి నా తాన్నే ఉన్నది గద!" అని అత్తమ్మ నన్ను నిలదీస్తుంది, ఆ మిషను కన్నది నేనే అయినట్టు.

మిషను పాపం మోసమేమీ చేయదు. గాజు పలక కింద ఒక దీపం, ఒక కెమెరా ఉంటాయి. వేలి మీది మిట్టలు గాజుకు తగిలిన చోట వెలుతురు చెదిరిపోయి నల్లగా పడుతుంది. పల్లాల దగ్గర మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి వెలుతురంతా వెనక్కి తిరిగొచ్చి తెల్లగా పడుతుంది. ఆ నలుపు తెలుపుల పటమే మన ఆనవాలు. వేలు ఎండిపోతే మిట్టలు గాజును సరిగ్గా పట్టుకోవు, అరిగిపోతే మిట్టా పల్లం ఒకటైపోతాయి. అంటే తలకు రాసుకోమన్న డీలరు చెప్పింది భౌతికశాస్త్రమే. లైన్లో ఉన్నవాళ్లు దాన్ని చిట్కా అనుకుంటున్నారు.

ఇదే వేలికి మా ఇంట్లో ఇంకో యంత్రం సలాము కొడుతుంది. 2021లో కొవిడ్ రెండోసారి విరుచుకుపడినప్పుడు మా ఆయన దిల్‌సుఖ్‌నగర్ మందుల షాపులన్నీ తిరిగి పట్టుకొచ్చిన ఆక్సీమీటరు అది. అత్తమ్మ వేలు దూర్చగానే 98 అంటుంది. జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి 1974లో లోకానికి చెప్పిన ఉపాయం ఇది. వేలి గుండా ఎర్రటి వెలుతురు ఒకటి, కంటికి కనిపించని పరారుణ కిరణం ఒకటి పంపిస్తారు. ఆక్సిజన్ నిండిన రక్తం పరారుణాన్ని ఎక్కువ తాగుతుంది, ఆక్సిజన్ లేని రక్తం ఎరుపును ఎక్కువ తాగుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. కదలకుండా కూర్చున్న చర్మానికీ ఎముకకూ అందులో వాటా లేదు. గీతలు అరిగాయా లేదా అన్న గొడవే లేదు. పేరడగదు, ఆధార్ అడగదు.

ఈ మర్యాద అత్తమ్మకు తెగ నచ్చింది. "గిది మంచి మిషిను. గిదాన్నే రేషన్ షాపుల పెట్టమను" అంది.

అలా పెడితే ఊళ్లో ఊపిరున్న ప్రతివాడికీ మా బియ్యం ఇచ్చేస్తుందని చెప్పాను. ఆక్సీమీటరుకు బతికున్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. రేషన్ మిషనుకు ఎవరో తెలుస్తుంది, బతికున్నారో లేదో మొన్నమొన్నటిదాకా తెలిసేది కాదు.

ఈ లోటును మనకంటే ముందు దొంగలు పట్టేశారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకాయన, ఇంటర్నెట్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు దించుకున్నాడు. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ ముద్రలు పోసి, వేల సిమ్ములు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. రబ్బరు వేలిని నమ్మిన కాలంలోనే రక్తమాంసాలున్న మా అత్తమ్మ వేలిని అనుమానించారన్నమాట.

2022లో జరిగింది ఇంకా విచిత్రం. ఔటర్ రింగ్ రోడ్డెక్కితే ఘట్‌కేసర్ మాకు పక్క ఊరే. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లు మళ్లీ అక్కడికి వెళ్లేందుకు వీలుగా, వేలికొసల చర్మం కోసి, కుట్టి, ముద్రలు మార్చే ముఠాను ఘట్‌కేసర్‌లో రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. మనిషికి 25 వేల రూపాయలట. పేపర్లో వార్త చదివి వినిపిస్తే అత్తమ్మ గుండెలు బాదుకుంది. "ఇర్వై ఐదు వేలా! నా తానకొస్తే బోళ్లు తోమిపిచ్చి ఫిరీగ అరగ్గొట్టిద్దును గద!"

వేలు అడిగితే ఒక తంటా, అడక్కపోతే ఇంకో తంటా. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పప్పుచారు తాగుతూ గ్రూప్-1కు చదివిన పిల్లల్ని అడగండి. 2023 జూన్ 11న రెండు లక్షల మందికి పైగా ప్రిలిమ్స్ రాశారు. బయోమెట్రిక్ తీసుకోకపోవడం ఒక కారణంగా చూపి, సెప్టెంబరులో హైకోర్టు ఆ పరీక్షను రద్దు చేసింది. ఏళ్లు చదివింది బుర్ర, రాసింది చెయ్యి, హాజరు పడాల్సింది వేలికి.

2023లోనే ఆధార్ సంస్థ, పెట్టింది నిజంగా బతికున్న వేలేనా అని చూసే కొత్త పద్ధతి తెచ్చింది. పరిశోధకులైతే ఒకే గాజు మీద గీతలూ నాడీ కలిపి చదివే పనిలో ఉన్నారు. సూది గుచ్చకుండా వెలుతురుతోనే రక్తంలో చక్కెర చెప్పాలని కూడా ఎందరో ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నారు. అది ఇంకా చేతికందలేదు. సూది లేకుండా షుగర్ చెబుతామనే వాచీలనూ ఉంగరాలనూ నమ్మొద్దనీ, అలాంటి వాటికి తాము అనుమతివ్వలేదనీ 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

"అన్నీ ఒక్క మిషన్లోకి వచ్చేరోజు ఎంతో దూరం లేదు అత్తమ్మా. నువ్వెవరో, బతికున్నావో లేదో, ఒంట్లో ఎట్లుందో, వేలు పెట్టగానే డీలరుకు మొత్తం తెలిసిపోతుంది" అన్నాను ఉత్సాహంగా.

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. రోజూ మాత్ర మింగుతూనే, మూడు పూటలా అన్నమే తినే మనిషి ఆమె.

"అంటే, షుగరు మూడొందలున్నది అవ్వా, ఈ నెల సన్నబియ్యం బంద్, జొన్నలు దీస్కపో అంటడా?"

"అనొచ్చు."

"అద్దు బిడ్డా. నా ఏలు నాది గాదన్న మిషినే మంచిగున్నది."