రాగిరేకుల బాబాయి

ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు, పాత వస్తువుల్ని కొత్తగా తయారుచేసేవాడు. కడియంలో నర్సరీల మధ్య పుట్టిన పుణ్యాన మా రాగిరేకుల బాబాయికి మిగతావాళ్లకు లేని సదుపాయం ఒకటుంది: పశువుల గత్తం కుప్ప.

బాబాయి చేసేది తామ్రశాసనాలు. రాజమండ్రి వెళ్లి రాగిరేకు కొనుక్కొస్తాడు. అంచులు కాస్త పైకి లేపుతాడు, రేకులు ఒకదాన్నొకటి రాసుకున్నా అక్షరాలు చెడకుండా తూర్పు చాళుక్యుల కాలంలో అలాగే చేసేవారట. చిల్లులోంచి రాగి వలయం దూర్చి ముద్ర బిగిస్తాడు. ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, అడుగున పద్మం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అని బిరుదు. మొదట పోతపోసిన వరాహాన్ని చూసి పిన్ని, "ఊరపందిని పెట్టారేంటండీ?" అంది. కరిగించి మళ్లీ పోశాడు.

ఆయన గురి నందంపూడి శాసనం మీద. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకి నందంపూడిని దానమిచ్చినప్పటిది, 1053 నాటిది. రాసింది నన్నయ. "సాహిత్యం నన్నయగారు చూసుకున్నారు, మిగతాది మనం చూసుకోవాలి" అంటాడు బాబాయి, ఇద్దరూ కలిసి కాంట్రాక్టు తీసుకున్నట్టు. ఓ తెలుగు మాస్టారు వచ్చి ఇక్కడ తలకట్టు లేదేమన్నారు. "ఆనాటి కంసాలి ఉలి జారింది. దిద్దడానికి మనమెవరం?" అన్నాడు. జారింది ఎవరి ఉలో మేమెవరమూ అడగలేదు.

చెక్కడం అయ్యాక ఉప్పూ వెనిగరూ పూసి గత్తంలో పాతిపెడతాడు. అందులోంచి వచ్చే అమ్మోనియాకి రాగి పచ్చగా చిలుమెక్కుతుంది. దానభూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని ఇలాంటి శాసనాల చివర శాపం ఉంటుంది. పాపం, ఏ భూమీ లాక్కోకుండానే ఆ శాపం కాస్తా పెంటలో పడింది.

పోయిన కార్తీకమాసంలో పిన్ని ఓ రేకు పైకి తీసి, పూజసామాన్లతో పాటు చింతపండేసి తోమేసింది. తళతళా మెరిసిపోతున్న నన్నయని చూసి బాబాయి ఆ పూట అన్నం మానేశాడు.

ఆయనకి అసలు కష్టం వేరే. రేకు చూసి ఎవరైనా "అబ్బో! ఇదెక్కడ దొరికిందండీ?" అంటే మొహం చాటంతవుతుంది. అలాగని మోసగాడు కాదు, కాబట్టి నిజం చెప్పాలి. "నేనే చేశానండి" అనగానే అవతలివాడు "ఓహో, డూప్లికేటా" అని రేకు కింద పెట్టేస్తాడు. చేతిపని మెచ్చుకునేవాడికి చరిత్ర అక్కర్లేదు, చరిత్ర కావాల్సినవాడికి చేతిపని అక్కర్లేదు. పైగా 1972 నాటి పురావస్తువుల చట్టం గురించి ఎవరో చెప్పారు. వందేళ్లు దాటిన వస్తువుల్ని అమ్మాలంటే లైసెన్సుండాలట. తనది కిందటేడాది రేకేనని తెలిసినా హడలిపోయి, అప్పట్నుంచి ప్రతి రేకు వెనకా సంవత్సరం చెక్కడం మొదలెట్టాడు. ఎంత చిన్నగా అంటే, చిలుమెక్కాక అది ఆయనకే కనబడదు.

మొన్న కుప్ప తవ్వితే ఓ రేకు తక్కువొచ్చింది. పనివాణ్ణి అడిగితే, "ఆ గత్తం పెద్ద మొక్కల కుండీల్లో ఏసేశామండీ. లోడు పూణే ఎళ్లిపోయిందండి, ఆయ్" అన్నాడు.

బాబాయి అరుగు మీద కూలబడ్డాడు. "ఏరా, ఇంకో ఐదొందలేళ్లకి అక్కడెవడో తవ్వుతాడు. వేంగి రాజ్యం పూణే దాకా ఉందని పుస్తకం రాసేస్తాడు!"

"చాళుక్యుల బంగారు నాణేలు అరకాన్‌లో, సయాంలో దొరికాయని నువ్వే చెప్పావుగా బాబాయ్. పూణే ఏపాటి?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. మొహం తేటపడింది. "సయాంకి మన మొక్కలు ఎగుమతి చేసేవాళ్లెవరైనా తెలుసేంట్రా నీకు?"